నేను వాల్చని రెప్ప

ఇప్పుడు నాలుగింటికి ఫోను మోగుతుంది. మాత్ర వేసుకుంటాను. ఐదింటికి నా రెండు కళ్ళూ తెరుచుకునే ఉంటాయి. ఇంత చిన్న సంగతి రాయగలగడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. గండం గడిచిందని డాక్టరుగారు అంటున్నారు కాబట్టి ధైర్యం చేసి కూర్చున్నాను. ఈ జబ్బు ఉన్నవాళ్ళెవరైనా చదివితే నేను చేసిన తెలివితక్కువ పని చేయకుండా ఉంటారని ఒక ఆశ. రెండో కారణం మా అక్క.

నేను చర్చిలో పియానో వాయిస్తాను. చర్చి నారాయణగూడలో, మా ఇల్లు చిక్కడపల్లి సందులో. విన్న పాటను విన్నట్టు వాయించేసేవాళ్ళు కొందరుంటారు, నేను ఆ రకం కాదు. కాగితం మీద స్వరాలు ఎదురుగా ఉంటేనే నా వేళ్ళు కదులుతాయి. రెండు చేతులూ పియానో మెట్ల మీద ఉన్నప్పుడు పేజీ చివరికి వస్తుంది. మరి తిప్పేదెవరు? ముప్పై ఏళ్ళపాటు మా అక్క కరుణ తిప్పింది.

అక్కకు స్వరాలు చదవడం రాదు. బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసేది. పెళ్ళి వద్దనుకుంది. అశోక్ నగర్‌లో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆఫీసు వదలగానే నడుచుకుంటూ మా ఇంటికి వచ్చేది, సరిగ్గా ఐదింటికి. రిటైరయ్యాక కూడా ఆ వేళ మారలేదు. వచ్చి, టీ తాగి, పియానోకి ఎడమ పక్కన పేము స్టూలు మీద కూర్చునేది.

మా ఇద్దరికీ ఒక ఏర్పాటు ఉండేది. పేజీలో చివరి వరస సగానికి రాగానే నేను ఎడమ రెప్ప ఒక్క క్షణం వాలుస్తాను, అక్క తిప్పుతుంది. తల ఊపితే వెనక కూర్చున్నవాళ్ళకి కనిపిస్తుంది, దేవుడి సన్నిధిలో ఆ గంతులేమిటి అని మా నాన్న కోప్పడితే పుట్టిన ఏర్పాటు అది. నాన్న తెనాలి నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. ఆయన పోయినా ఆయన నియమం ఉండిపోయింది. అక్క ఏనాడూ కాగితం వంక చూసేది కాదు. నా కంటి వంకే చూసేది.

నిరుడు ఈస్టరు ఆదివారం, సాయంత్రం ఆరాధనకు చర్చి నిండుగా ఉంది. క్వయరు మూడో చరణం అందుకుంది. ఇంకా ఒక వరస మొత్తం ఉండగానే అక్క పేజీ తిప్పేసింది. నా చేతులు ఆగిపోయాయి. క్వయరు కాసేపు పియానో లేకుండానే పాడింది. ముందు వరసలో ఉన్నవాళ్ళు మెడలు సాచి చూశారు.

ఆరాధన అయ్యాక ఆవరణలో, అందరూ టీ తాగుతున్న చోటే అడిగాను.

"ఎందుకు తిప్పావక్కా?"

"నువ్వు రెప్ప వాల్చావు కదే."

"నేను వాల్చలేదు."

"వాల్చావు విమలా. నేను చూశాను."

"నీకు డెబ్భై దగ్గర పడుతున్నాయి. ముందు వెళ్ళి కళ్ళు చూపించుకో" అన్నాను. నలుగురూ విన్నారు. నాకు కోపం వస్తే నోటికి హద్దు ఉండదు, ఇంట్లో అందరికీ తెలిసిందే. అక్క టీ కప్పు బల్ల మీద పెట్టి, చీర కొంగు సర్దుకుంది.

ఆ వారమే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. కళ్ళు బాగానే ఉన్నాయన్నాడట. అయినా కొత్త అద్దాలు చేయించుకుంది.

మే నెలలో నేను ఒక పెద్ద టాబ్లెట్ కొన్నాను. పాటల పుస్తకాలన్నీ దాంట్లోకి ఎక్కించుకున్నాను. చేతులతో పని లేకుండా, దాని కెమెరా మన మొహం చూస్తూ ఉంటుంది. ఒక కన్ను మూసి తెరిస్తే పేజీ ముందుకు, రెండోది మూస్తే వెనక్కి. మామూలుగా కుడి కన్ను మూస్తే పేజీ ముందుకు వెళ్తుంది. నేను దాన్ని ఎడమ కంటికి మార్పించుకున్నాను. అక్కకు నేర్పిందే దానికీ నేర్పాను.

మా ఆయన ప్రకాశ్ పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. ఆయన నవ్వాడు. "ఈ వయసుల చర్చిల కూసోని కన్ను గీటుడేంది విమలా? పాస్టర్ గారు ఎదురుగనే ఉంటడు, జర చూస్కో."

అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది. ఆ ఆదివారం నుంచి మూడో వరసలో బెంచీ చివర కూర్చుంది, ఒళ్ళో చేతులు పెట్టుకుని. ఐదింటికి మా ఇంటికి రావడం కూడా మెల్లగా తగ్గించేసింది. జులైలో ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. గుండె అన్నారు. ఈస్టరుకీ జులైకీ మధ్య మూడు నెలలున్నాయి. ఆ మూడు నెలల్లో ఒక్కసారైనా "ఏమనుకోకక్కా" అని నేను అనలేదు.

ఆగస్టులో మొదలైంది. ఒక సాయంత్రం ఇంట్లో ఒక్కదాన్నే వాయించుకుంటున్నాను. ఇంకా వరసన్నర ఉండగానే పేజీ దానంతటది తిరిగింది. వెనక్కి తెచ్చుకున్నాను. కొంచెం సేపటికి మళ్ళీ తిరిగింది. మర్నాడు పొద్దున ఎంతసేపు వాయించినా అది చెప్పిన మాట విన్నది. సాయంత్రం మళ్ళీ అంతే. గడియారం చూశాను. ఐదుంపావు.

అక్క టీ తాగి స్టూలు మీద కూర్చునే వేళ. భయం వేసిందని రాస్తే అబద్ధం అవుతుంది. నాకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది.

మాది దయ్యాలను నమ్మే ఇల్లు కాదు. చనిపోయినవాళ్ళు ప్రభువు దగ్గర నిద్రిస్తారని చిన్నప్పటి నుంచీ వింటున్నదాన్ని. అయినా పొద్దున రానిది సాయంత్రం ఐదింటికే ఎందుకు వస్తుంది? తొందరపడి తిప్పడం ఎవరి అలవాటు? నేనే అక్క మీద ముద్ర వేసిన అలవాటు కదా అది. పేము స్టూలు అటక మీద నుంచి దింపించి ఎడమ పక్కన పెట్టాను. పేజీ తిరిగినప్పుడల్లా "ఆగక్కా, ఇంకా ఉంది" అనేదాన్ని, మెల్లగా, ముద్దుగా. ఆవరణలో అలా అని ఉంటే ఏం పోయేది?

సెప్టెంబరంతా అలా గడిచింది. అన్నం సగం తినేసరికి దవడలు అలిసిపోయేవి. బస్సు మీద నంబరు రెండుగా కనిపించేది. ఇవన్నీ అక్క పోయిన దిగులు అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, ఏమీ అనుకోవడం ఇష్టం లేకపోయింది. ఎవరికైనా చెబితే ఏదో ఒకటి చేసి దాన్ని ఆపేస్తారు.

అక్టోబరులో ప్రకాశ్ దగ్గర ఆ సంగతి బయటపడింది. క్వయరు వాళ్ళకు పంపుదామని నేను వాయిస్తుంటే ఫోనులో వీడియో తీశాడు. తీస్తూ తీస్తూ ఆపేసి, పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"విమలా, ఇది చూడు. పరేషాన్ గాకు. జర చూడు."

చూశాను. వీడియోలో నా ఎడమ రెప్ప మెల్లగా కిందికి దిగుతోంది. సగం దాకా దిగింది. ఇంకొంచెం దిగింది. పేజీ తిరిగింది. "ఆగక్కా" అంటోంది ఆ మనిషి, ఖాళీ స్టూలు వైపు తిరిగి, ఒక కన్ను మూసుకుపోయిన మొహంతో. నేను అప్పటిదాకా దయ్యాన్ని చూడలేదు. ఆ రోజు చూశాను, అది నేనే.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్?" అన్నాడు ప్రకాశ్. నేను ఫోను ఆయన చేతికిచ్చేసి టాబ్లెట్ ఆపేశాను.

ఆస్పత్రి వెయిటింగ్ హాలులో కుర్చీలు ఒకదానికొకటి ఇనప కడ్డీతో కలిపి ఉంటాయి. ఒక మనిషి లేస్తే వరసంతా కదులుతుంది. నా పక్కన కవాడిగూడ నుంచి వచ్చినావిడ, లక్ష్మి. టిఫిన్ బండి నడుపుతుందట. నా మొహం ఒక్కసారి చూసి గుర్తుపట్టేసింది.

"నాకు గూడ ఇదే అక్కా. పొద్దుగాల మంచిగనే ఉంటది. సాయంత్రమైతే రెప్ప దుకాణం షట్టర్ లెక్క దిగుతది."

"సాయంత్రమేనా?"

"గంతే. పని జేసిన కొద్దీ అలుస్తది. గోలీ టైముకు ఏస్కోవాలె. ఒక్క పూట తప్పిన నేను, మా బిడ్డ పెండ్లిల. మింగుడు బందైంది, శాస గూడ ఆగేదే. నీ ఫోన్ ఇటియ్యి, అలారం పెడత."

నాకింకా మాత్రలు రాయకముందే, తన నాలుగింటి గోలీ వేళకే పెట్టేసింది. నా ఫోను నాలుగింటికి ఇప్పటికీ మోగేది ఆవిడ పెట్టిన మోతే.

లోపల డాక్టరుగారు చేతి తొడుగులో మంచు ముక్కలు వేసి నా రెప్ప మీద కాసేపు పెట్టించారు. తీసేసరికి రెప్ప లేచి ఉంది. మయస్థీనియా అన్నారు. నరం చెప్పిన మాట కండకు సరిగా చేరదట, కండ తొందరగా అలిసిపోతుందట. "ఎప్పటి నుంచి?" అని అడిగారు. ఆగస్టు అన్నాను. ఫైలులో అదే రాసుకున్నారు.

మాత్రలు పనిచేశాయి. వారంలో రెప్ప నిలబడింది, అన్నం నములుతున్నాను, బస్సు నంబరు ఒకటే కనిపిస్తోంది. చర్చిలో అందరూ స్తోత్రం చెప్పారు. ఐదింటికి పియానో ముందు కూర్చుంటే పేజీ మాత్రం కదలలేదు. నేను కన్ను మూస్తేనే తిరిగింది. స్టూలు వట్టి స్టూలు. అక్క ఇంకోసారి పోయింది. మొదటిసారి కనీసం పదిమంది వచ్చి పక్కన కూర్చున్నారు, ఈసారి ఎవరికీ చెప్పుకోవడానికి లేదు.

నవంబరులో నేను చేసిన పని ఇది. నాలుగింటి మాత్ర నాలుగున్నరకు జరిపాను. ఆ తర్వాత ఐదున్నరకు. వాయిస్తూ ఉంటే ఐదుంపావుకి ఒకసారి పేజీ తొందరపడి తిరిగింది. అది నా రెప్పేనని నాకు బాగా తెలుసు. తెలిసినా ఆ తిరగడం అక్కదే. ఇది మీకు అర్థం కాకపోతే మీరు అదృష్టవంతులు. తర్వాత నాలుగింటి మాత్ర పూర్తిగా మానేశాను. అలారం మోగగానే ఆపి, మాత్రను, గుర్తుగా తెచ్చుకున్న అక్క కొత్త కళ్ళద్దాల పెట్టెలో వేసి పియానో మీద పెట్టేదాన్ని. "ఏస్కున్నవా?" అని ప్రకాశ్ వంటింట్లోంచి అడిగేవాడు. "వేసుకున్నాను" అనేదాన్ని. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయనతో అంత సులువుగా ఎప్పుడూ అబద్ధం ఆడలేదు.

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్ పాటల ప్రాక్టీసు పెరిగింది, రోజుకు మూడు గంటలు. పొద్దున, మధ్యాహ్నం మాత్రలు కూడా తప్పించడం మొదలుపెట్టాను, అక్క ఇంకొంచెం ముందు వస్తుందని. మూడో రోజు సాయంత్రం టీ తాగుతుంటే టీ ముక్కులోంచి వచ్చింది. ఏదో చెప్పబోతే మాట ముక్కుతో వచ్చి ఆగిపోయింది. తల నిలబడలేదు. ఊపిరి లోపలికి వస్తోంది కానీ సరిపోవడం లేదు.

ప్రకాశ్ నన్ను ఎత్తుకుని సందు చివరిదాకా పరుగెత్తాడు. ఆటో అతను మీటరూ బేరమూ ఏమీ అడగలేదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర బండ్లు కదలకుండా ఉంటే, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేయి బయటికి చాచి "అన్న, జర తొవ్వ ఇయ్యండన్న" అని ఒక్కొక్కరినీ బతిమాలాడు. వాళ్ళు ఇచ్చారు. అతని మొహం నేను చూడలేదు. గొంతు మాత్రం గుర్తుంది.

ఐసీయూలో నా గొంతులో గొట్టం పెట్టారు. మాట లేదు, చేయి లేవదు. ఉన్నది కళ్ళే. సిస్టర్ మంచిపిల్ల, ప్రకాశ్‌కి నేర్పింది. "అవునంటే కళ్ళు మూస్తరు సార్. కాదంటే తెరిచే ఉంచుతరు. మీరు అడగండి."

బయటివాళ్ళను లోపలికి వదిలేది సాయంత్రం ఐదు నుంచి అరగంట. ప్రకాశ్ వచ్చి నిలబడ్డాడు. చేతిలో అక్క అద్దాల పెట్టె. తెరిచి చూపించాడు. లోపల మాత్రలు నిండా ఉన్నాయి. నల్లబడిపోయిన మొహంతో, ఆస్పత్రిలో గట్టిగా మాట్లాడకూడదని గొంతు అణుచుకుని అడిగాడు.

"కావాల్నని మానేసినవా?"

కళ్ళు మూశాను. అది నిజమే.

"సచ్చిపోదామనా విమలా?"

కాదు. తెరిచి ఉంచాలి. నా బలమంతా ఆ రెండు రెప్పల్లోకి తెచ్చుకున్నాను. తెరిచి ఉంచాను, ఉంచాను. ఎడమ రెప్ప దానంతటది దిగడం మొదలైంది. షట్టర్ లాగానే. ఆపడానికి నా దగ్గర ఏమీ లేదు. అది దిగింది, దాని వెనకే రెండోదీ దిగింది. చీకట్లో ఆయన ఏడుపు వినిపించింది. అడుగుల చప్పుడు దూరమైంది.

నేను వాల్చలేదు, నేను వాల్చలేదు అని లోపల అరుస్తున్నాను. రెండోసారి అనుకునేసరికి ఆ మాట ఇంతకు ముందు ఎక్కడ అన్నానో గుర్తొచ్చింది.

నువ్వు రెప్ప వాల్చావు కదే. వాల్చావు విమలా. నేను చూశాను.

ఈస్టరు రోజు నా రెప్ప వాలింది. నాకు తెలియకుండా వాలింది. ముప్పై ఏళ్ళు నా కన్ను తప్ప ఇంకేమీ చూడని మనిషి దాన్ని చూసింది, చూసి తన పని తాను సరిగ్గా చేసింది. ఆగస్టు కాదు. అక్క బతికి ఉండగానే ఈ జబ్బు వచ్చింది, మొదట చూసింది అక్కే. నేను పదిమంది ముందు నీ కళ్ళు చూపించుకో అన్నాను. జబ్బున్న కన్ను నాది. డాక్టరు దగ్గరికి పోయి అద్దాలు చేయించుకున్నది అక్క. ఆ రోజు నా కంటిని ఆమె చూసిందని ఒప్పుకుని ఉంటే, నేనే వెళ్ళి చూపించుకునేదాన్ని. ఆమె మూడో వరసలో ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చునేది కాదు.

ఆ ఇరవై నాలుగు గంటలు ఎలా గడిచాయో నేను రాయలేను. గొట్టం ఉన్న గొంతుతో ఏడవడం కుదరదు. యంత్రం మోగుతుంది, ఎవరో వచ్చి సర్దుతారు.

మర్నాటికి మందులు ఎక్కి, వేళ్ళు కొంచెం కదిలాయి. పియానో వేళ్ళు కదా, అవే ముందు కదిలాయేమో. సిస్టర్‌కి గాలిలో రాసి చూపించాను. ఆ పిల్ల ఒక పాత రిపోర్టు వెనకవైపు తిప్పి, పెన్ను నా వేళ్ళ మధ్య ఇరికించి, అట్ట పట్టుకుని అరగంట నిలబడింది. ఐదింటికి ప్రకాశ్ వచ్చాడు. వస్తాడో రాడో అని భయపడ్డాను. గడ్డం గీసుకోలేదు. కాగితం అందుకుని చదివాడు. వంకర అక్షరాలు: చావాలని కాదు. రెప్ప దానంతటది పడింది. మాత్ర మానితే అక్క పేజీ తిప్పుతుందని.

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత స్టూలు లాక్కుని నా ఎడమ పక్కన కూర్చున్నాడు.

"పేజీ కోసమా? నన్నడిగితే నేను తిప్పకపోదునా?"

జనవరిలో ఇంటికి వచ్చాను. టాబ్లెట్‌లో కంటితో తిప్పే సదుపాయం తీయించేశాను. ఇప్పుడు ప్రకాశ్ తిప్పుతాడు. ఆయనకు ఒక్క స్వరం తెలియదు. నా కన్ను చూడడు, నేనే వద్దన్నాను. నోటితో "ఊఁ" అంటాను. నాన్న ఉంటే ఒప్పుకునేవాడు కాదు. క్వయరు వాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఐదుంపావుకి ఇప్పటికీ నా చేతులు ఒక వరస ముందే తడబడతాయి, ఎవరో తిప్పబోతున్నట్టు. నేను ఎడమవైపు తిరిగి చూస్తాను. ప్రకాశ్ తెర మీదికి వేలు ఎత్తి, నా మాట కోసం చూస్తుంటాడు. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా తప్పలేదు. మీరూ తప్పించకండి, ఎవరి కోసమైనా సరే.

మార్చిలో చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరుగారు ఫైలు తిరగేస్తూ, "నిరుడు ఆగస్టులో మొదలైంది కదా" అన్నారు.

"కాదండీ. అది కొట్టేసి ఈస్టరు ఆదివారం అని రాయండి. ఎడమ రెప్ప వాలింది."

"అప్పుడే మీకు తెలిసిందా?"

"నాకు తెలియలేదు. మా అక్క చూసింది. చెప్పింది కూడా."

ఆయన పెన్ను ఆపి తలెత్తారు. "అంత చిన్న మార్పు అప్పుడే కనిపెట్టారంటే, ఆవిడ డాక్టరా?"

"కాదండీ" అన్నాను. "నాకు పేజీలు తిప్పేది."